తోడు కోసమే కాదు

దానికి సరైన మాట ఒక్కటీ లేదు. ఆస్పత్రి మొదటి అంతస్తులో గోడ వారగా వేసిన ఇనప కుర్చీల్లో ఒకదాని మీద కూర్చుని, టోకెను బిళ్ళని బొటనవేలితో అటూ ఇటూ తిప్పుతూ, ఆమె ఇంతసేపూ వెతుకుతున్నది ఆ మాట కోసమే. సంసారం అందామంటే అందులో ఉప్పూ కారం, కరెంటు బిల్లు, పిల్లల జలుబు కూడా ఉన్నాయి. కాపురం అంటే ఇల్లూ వాకిలీ గుర్తొస్తాయి. కలవడం అంటే బస్టాపులోనూ కలుస్తారు జనం. శృంగారం అనడానికి తనేమీ పద్యం అప్పజెప్పడానికి రాలేదు. పుస్తకాల్లో ఉండే మాట వాడితే పోలీసులకి ఫిర్యాదు ఇస్తున్నట్టుంటుంది. ఇక మిగిలింది 'అది'. బతుకంతా ఆ 'అది'తోనే వెళ్ళిపోయింది. పెదనాన్న కోడలి చెల్లెలి ఆడపడుచుని ఏ వరసపెట్టి పిలవాలో కూడా తెలిసిన భాష ఇది. ఇద్దరు మనుషులు ఒకరినొకరు దగ్గరికి తీసుకోవడానికి మాత్రం ఇంట్లో పలకగలిగే పేరు ఒకటి పెట్టుకోలేకపోయింది. తిట్టుకోవడానికైతే బోలెడు ఉన్నాయి. బండెక్కిన గంటలోనే ఆమె శిష్యులు లారీవాళ్ళ నోటివెంట అవన్నీ వినేస్తారు. ప్రేమగా చెప్పుకోవడానికే లేవు.

శిష్యులంటే ఆమె దగ్గర కారు నేర్చుకునేవాళ్ళు. యాభై నాలుగేళ్ళ మనిషి, అందులో సగం రోడ్ల మీదే గడిచింది, అదీ స్టీరింగు వెనక కాదు, పక్క సీట్లో, కాలికింద రెండో బ్రేకు పెట్టుకుని. ఎదుటివాళ్ళకి భయం ఎక్కడ మొదలైందో మెడ చూసి చెప్పేస్తుంది. గొంతు ఖంగుమంటుంది. క్లచ్చుని క్లచ్చనే అంటుంది గాని 'ఆ ఎడమవైపుది' అనదు. అలాంటి మనిషి, పోయిన నెల ఇదే తలుపు వెనక డాక్టరమ్మ ముందు కూర్చుని, నోట్లో మాట నోట్లోనే నమిలి, కొంచెం నొప్పిగా ఉంటోందండీ, అదీ, అప్పుడు, అని నేలచూపులు చూసింది. డాక్టరమ్మ తలెత్తకుండానే అర్థం చేసుకుంది, అంటే తనకి తోచింది అర్థం చేసుకుంది. ఈ వయసులో కొందరు మగవాళ్ళు అలాగే ఉంటారమ్మా, మనమే నచ్చజెప్పుకోవాలి, ఇక ఒకరికొకరు తోడుగా ఉంటే చాలదా అని ఎంతో చల్లగా, చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పి, బలానికి బిళ్ళలు రాసిచ్చింది. ఆమె తలూపింది. అదే, ఆ తలూపడమే, ఇవాళ్టికీ మింగుడుపడకుండా గొంతులో ఉంది. ఇంట్లో ఆయన ఏనాడూ వేధించలేదు. వేళాకోళానికైనా చెయ్యి పట్టి లాగలేదు. అడిగింది తను. కావాల్సింది తనకి. ఆయన నెత్తిన వేసిన నిందని తను తలూపి ఖాయం చేసి, మెట్లు దిగి వచ్చేసింది.

ఊరవతల ఇంకో డాక్టరు ఉందని, చాలా బాగా చూస్తుందని శిష్యురాలొకతె చెప్పింది. వెళ్ళొచ్చు. కానీ తను అక్కడికి వెళ్తే ఇక్కడ ఈమె రేపు వచ్చే ఇంకో ఆడమనిషికి అవే బిళ్ళలు రాస్తుంది, ఆ మనిషీ తలూపి మెట్లు దిగుతుంది. అంచేత వెళ్తే ఈమె దగ్గరికే వెళ్ళాలి. పోయిన చోటే వెతుక్కోవాలంటారు కదా.

గోడల నిండా పసిపిల్లల బొమ్మలు. బోసినోళ్ళు, బుగ్గలు, ముడుచుకున్న పిడికిళ్ళు. ఆడదాని ఒళ్ళు గురించి చెప్పుకోవడానికి లోకంలో ఇంకేమీ లేనట్టు ఎటు చూసినా పిల్లలే. ఎదుటి వరసలో నెలలు నిండిన అమ్మాయి కాళ్ళు బారజాపుకుని కూర్చుంది, ఆమె మొగుడు ఆమె సంచీని రెండు చేతులా ఒళ్ళో పెట్టుకుని అది గాజుదైనట్టు కాపలా కాస్తున్నాడు. ఆ పిల్లకి అందరూ దారి ఇస్తున్నారు, నవ్వుతున్నారు. ఆ పొట్ట ఎలా వచ్చిందో అందరికీ తెలుసు, ఎవరికీ సిగ్గులేదు. ఫలితం కనిపిస్తే పండగ, ఫలితం లేకుండా అదే పని చేస్తే తప్పు. ఇలా అనుకోగానే ఆమెకి నవ్వొచ్చింది, నవ్వు వెంటే ఒంట్లో ఆ వేడి లేచింది. పొత్తికడుపులోంచి మెడదాకా, చెవుల వెనకదాకా పొయ్యి ముందు కూర్చున్నట్టు. నెలసరి ఆగిపోయిన ఏడాది నుంచీ ఇంతే, చెప్పాపెట్టకుండా వస్తుంది. మొదట్లో బండిలో ఉండగా వచ్చేది. ఏసీ ఆఖరి గీతదాకా తిప్పేసేది తను. పక్కన గేరు మార్చడం నేర్చుకుంటున్న కాలేజీ పిల్ల చలికి వణుకుతూ, మేడం, నేనేమైనా తప్పు చేశానా అని అడిగేది. నీది కాదమ్మా, నాలో ఇంజను వేడెక్కింది అనేది. ఒంట్లో ఏదో ఆరిపోతోందంటే ఇలా మండుతుందని ఎవరు చెప్పారు తనకి? ఒంటి గురించి ఎప్పుడు ఎవరు ఏం చెప్పారు గనక.

చెప్పింది ఒక్కతే, అమ్మ, అదీ ఒక్క ముక్క. మొదటి పెళ్ళి ముందురోజు జడ వేస్తూ, దువ్వెన ఆపకుండా, మొహం కనపడకుండా వెనక నిలబడి, ఏం జరిగినా నోరెత్తకు అంది. తను ఇరవై ఏళ్ళది. ఏం జరుగుతుందో తెలీదు గనక అగ్నిప్రమాదం లాంటిదేదో అనుకుంది. అమ్మని అనడానికేం లేదు, ఆవిడకి వాళ్ళమ్మ ఆ ముక్క కూడా చెప్పి ఉండదు. ఇక ఆ మొగుడు, మంచివాడు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే మంచివాడనే చెప్తుంది, అబద్ధం కాదు. ఫ్యాక్టరీ స్టోర్సులో లెక్కలు చూసేవాడు, కొట్టింది లేదు, తిట్టింది లేదు. శనివారం దీపం ఆర్పి, పడుకున్నావా అనేవాడు. అదే పిలుపు. లేదు అంటే ఒప్పుకున్నట్టు. పలక్కపోతే పడుకున్నట్టు, కానీ ఎన్ని శనివారాలని పడుకుంటుంది. చీకట్లో కళ్ళు తెరుచుకుని పైకప్పు ఎక్కడుందో ఊహించుకుంటూ, రేపు ఎవరికి రివర్సు నేర్పాలో లెక్కవేసుకుంటూ ఉండేది. ఒకసారి, ఒక్కసారి, ఇవాళ వద్దండీ అంది. ఆయన కోప్పడలేదు. మూడు రోజులు మాట్లాడలేదు, అంతే. నాలుగో రోజు అత్తగారు పిలిచి, మొగుడు పస్తుంటే ఇల్లు పస్తుంటుంది తల్లీ అని మెత్తగా చెప్పింది. గదిలో మాట ఆవిడదాకా ఎలా చేరిందో ఇప్పటికీ తెలీదు. ఆ తర్వాత వద్దు అనలేదు. ఇరవై రెండేళ్ళు. కూతురు పుట్టింది, పెరిగింది, ఆయన గుండె ఆగి పోయాడు, అంతదాకా. పాపం ఆయనకి మాత్రం ఎవరు చెప్పారు, ఎలా అడగాలో, ఎదుటి మనిషి చెయ్యి ఎటు వెళ్తోందో చూడాలని. ఇద్దరు గుడ్డివాళ్ళు ఒకే ఇంట్లో ఒకరినొకరు తగులుకుంటూ బతికినట్టు బతికారు.

ఆయన పోయిన నాలుగేళ్ళకో ఐదేళ్ళకో, కూతురి పెళ్ళి కూడా అయిపోయాక, సెలవురోజు మధ్యాహ్నం, వాన పడుతుంటే, ఒక్కతే పడుకుని ఉంది. ఎందుకు ఆ చెయ్యి అటు వెళ్ళిందో తెలీదు. ఏ కథా లేదు, ఏ మనిషీ మనసులో లేడు. తన ఒళ్ళే తనని పిలిచినట్టు. ఆ తర్వాత జరిగినదానికి భయపడిపోయింది, గుండెనొప్పి అనుకుంది నిజంగా. ఊపిరి అందలేదు, కాళ్ళు వణికాయి, పక్కింటావిడని కేకేద్దామని లేచి కూర్చుంది కూడా. కూర్చున్నాక తెలిసింది నొప్పి కాదని. నలభై ఏడేళ్ళు. తల్లి అయింది, అత్త అయింది, విధవ అయింది, ఇది మాత్రం అప్పుడు తెలిసింది. సిగ్గు రావాలి కదా అని కాసేపు ఎదురుచూసింది. రాలేదు. కోపం వచ్చింది. ఇంత సొమ్ము ఇంట్లో పాతిపెట్టి ఎవరూ చెప్పలేదేమిటి అని, పోయిన అమ్మ మీద, పోయిన మొగుడి మీద, బళ్ళో ఆ పాఠం వచ్చేసరికి ఇంటి దగ్గర చదువుకోండి అని పేజీలు తిప్పేసిన టీచరు మీద, అందరి మీదా ఒకేసారి వచ్చింది.

"వదినగారూ, మీరా ఇక్కడ?"

తలెత్తితే కూతురి అత్తగారు. చేతిలో స్కానింగు కవరు, మెడలో కళ్ళజోడు తాడు, ఇస్త్రీ నలగని మనిషి. పిల్లల బట్టల షాపు ఒంటిచేత్తో నడుపుతుంది, షాపులో చొక్కాలు ఎలా మడతపెడుతుందో మాటలు కూడా అలాగే మడతపెట్టి అందిస్తుంది. పక్క కుర్చీ తుడుచుకుని కూర్చుంది. ఏడాదికోసారి చేయించుకునే పరీక్షకి వచ్చిందిట, ఒళ్ళు రాయిలా ఉందిట, అయినా డాక్టర్లకి ఏదో ఒకటి కావాలి కదా అంది. మనవడి దగ్గు గురించి చెప్పింది, అల్లుడి ప్రమోషను గురించి చెప్పింది. ఇక ఆ ప్రశ్న రావాలి, వస్తుంది, వచ్చేలోపు ఏం చెప్పాలో వెతుక్కోవాలి. మోకాళ్ళంటే ఇది మోకాళ్ళ ఆస్పత్రి కాదు. కూతురు మరీ మరీ చెప్పింది పోయినసారే, అమ్మా, మా అత్తగారి ముందు మాత్రం కొంచెం చూసుకుని మాట్లాడు అని. కూతురిదీ తప్పు కాదు. రెండేళ్ళ కింద తన ఈ రెండో పెళ్ళి సంగతి అత్తింట్లో చెప్పడానికి నానా తిప్పలూ పడింది. అమ్మకి తోడు కోసం, పెద్దవయసులో ఒకరికొకరు మంచినీళ్ళు ఇచ్చుకోవడానికి, అంతే, అంతకంటే ఏం లేదు, అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. తోడు అనగానే అందరి మొహాలూ విప్పారేవి. తోడు మంచి మాట. తోడులో ఒళ్ళు ఉండదు.

ఈ పెళ్ళి చేసుకున్న ఆయనదీ వినాలి అసలు. కళ్ళజోళ్ళ షాపాయన. ఊళ్ళో సగం మందికి లోకం స్పష్టంగా కనపడేది ఆయన పుణ్యమే, అలాంటి మనిషి మలుపు వచ్చేసరికి కళ్ళు మూసుకునేవాడు. ఆయన భార్య బండి నడిపేదిట, ఆవిడ పోయాక కారు షెడ్డులో దుమ్ముపట్టి, చూసినప్పుడల్లా బాధగా ఉందని అరవయ్యోపడిలో నేర్చుకోవడానికి వచ్చాడు. సైకిళ్ళు దాటుకుని పోయేవి ఆయన్ని. గతుకు తగిలినప్పుడల్లా సారీ అండీ అనేవాడు, ఆమెతోనో బండితోనో తెలిసేది కాదు. లైసెన్సు వచ్చాక కూడా రివర్సు సరిగ్గా రావట్లేదండీ అని వస్తూనే ఉన్నాడు. రివర్సు ఆయనకి అందరికంటే బాగా వచ్చు. చివరికి ఒకరోజు చెరువుగట్టు పక్కన బండి ఆపి, ఇంజను కూడా ఆపి, అడిగాడు. ఆమె ఊరికే ఒప్పుకోలేదు. తోడు కోసమా అని అడిగింది సూటిగా. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసి, "తోడుకైతే రేడియో కొనుక్కుంటానండీ" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎర్రబడ్డ చెవుల్ని చూసే ఆమె సరే అంది, ఎవరికి చెప్పినా ఇంకేదో కారణం చెప్పేది గాని.

కూతురు పెళ్ళికానుకగా మంచాలు కొనిచ్చింది. రెండు. ఒంటరి మంచాలు, మధ్యలో మందులు పెట్టుకోవడానికి చిన్న బల్ల. మీ ఇద్దరి నడుములకీ ఇదే మంచిది అంది పాపం. ఆ బల్ల వారం తిరక్కుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. మంచాలు రెండూ దగ్గరికి జరిపితే మధ్య సందులో ఆయన మోచెయ్యి ఇరుక్కుంది, ఒకసారి మనిషే సగం ఇరుక్కున్నాడు, ఇద్దరూ నవ్విన నవ్వులకి కింద వాటావాళ్ళు ఏమైందని తలుపు కొట్టారు. షాపుకి సెలవైన ఆదివారం మధ్యాహ్నాలు. కిటికీ పరదా సగం తీసే ఉండేది. ఇలాగా, ఇక్కడా, అని కళ్ళు పరీక్ష చేసేటప్పుడు ఇది బాగుందా, ఇదా, అని అద్దాలు మార్చి మార్చి అడిగినట్టే అడిగేవాడు ఆయన. మొదట్లో జవాబు చెప్పడం చేతకాలేదు ఆమెకి. అడగడమనేది ఒకటుంటుందని తెలీదు. తర్వాత చేతనయింది. వెలుతురులో తన ఒళ్ళు, జారిన పొట్ట, కూతురు పుట్టినప్పటి చారలు, ఆయన ఛాతీ మీద తెల్లటి వెంట్రుకలు, అన్నీ కనిపించేవి, ఏదీ దాచాలనిపించేది కాదు. చివరికి మంచం కాళ్ళు రెండూ కలిపి తాడుతో కట్టాడు. ఈ వదినగారు ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు గదిలోకి తొంగిచూసి, ఆ తాడు చూసి, చటుక్కున కిటికీలో మొక్కల గురించి అడిగింది. మొక్కలు లేవు కిటికీలో.

ఆ తర్వాత నొప్పి వచ్చింది. మొదట మంట, తర్వాత కోసినట్టు. ఆమె చెప్పకుండా పళ్ళు బిగించింది, పాత అలవాటు, ఏం జరిగినా నోరెత్తకు. కానీ ఈయన చూసే మనిషి. మెడ చూసి కనిపెట్టేశాడు, ఆగిపోయాడు. ఆగిపోవడం మంచితనమే, కానీ తర్వాతి ఆదివారం పేపరు పట్టుకుని కూర్చున్నాడు, ఆ పై ఆదివారం షాపులో పనుందన్నాడు. డాక్టరమ్మ మాట విన్నాక, పోనీలెద్దూ, మనం ఇలాగే బాగున్నాం కదా అన్నాడు. ఆమె వైపు చూడకుండా అన్నాడు. తన ఒంటివల్లే ఆమెకి హింస అని నమ్మేశాడు ఆ పిచ్చిమనిషి. నిన్న పాఠాలు ముగించుకుని ఇంటికొచ్చేసరికి మంచాల మధ్య జానెడు ఎడం ఉంది. తాడు మడతపెట్టి కిటికీలో పెట్టి ఉంది. ఊడ్చుకోవడానికి వీలుగా ఉంటుందని అన్నాడు. ఆయన స్నానానికి వెళ్ళగానే ఆమె మంచాన్ని రెండు చేతులా పట్టి ఈడ్చింది. నేలమీద ఇనుము కీచుమని అరిచింది. అరవనీ. ఆ అరుపు వింటూనే అనుకుంది, రేపే టోకెను తీసుకోవాలని.

"ఇంతకీ మీకేమిటి వదినగారూ? ఒంట్లో బాలేదా?"

వచ్చేసింది ప్రశ్న. బలహీనత అని ఒక మాట ఉంది, అందరికీ సరిపోతుంది, ఎవరి పరువుకీ మచ్చ రాదు. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఇక్కడ, ఈ కుర్చీలో, ఈవిడకి చెప్పలేకపోతే అక్కడ తలుపు వెనక ఏం చెప్తుంది? మళ్ళీ తలూపుతుంది. మళ్ళీ మెట్లు దిగుతుంది. ఆమె టోకెను బిళ్ళని ఒళ్ళో పెట్టుకుని, మెల్లగానే, కానీ గుసగుసగా కాకుండా, మేము పక్కలో కలిసినప్పుడు నొప్పిగా ఉంటోంది, అందుకు వచ్చాను అని చెప్పింది. వియ్యపురాలికి వెంటనే ఎక్కలేదు. ఎక్కాక అటూ ఇటూ చూసింది, స్కానింగు కవరు గుండెలకి హత్తుకుంది. తర్వాత జాలిపడింది. నిజంగానే జాలిపడింది, అదే కష్టం.

"మగబుద్ధి అంతే వదినగారూ. అరవయ్యేళ్ళొచ్చినా సిగ్గుండదు. గట్టిగా చెప్పేయండి, చేతకాదని."

"ఆయన కాదు వదినగారూ," అంది ఆమె. "నేనే. నాకే కావాలి."

అనేసింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. నెలలు నిండిన అమ్మాయి తలెత్తి చూసింది, మొగుడు సంచీలోకి చూసుకున్నాడు. వియ్యపురాలి మొహం షాపు షట్టరు దించినట్టు మూసుకుపోయింది. మీ అమ్మాయి మా ఇంట్లో తలెత్తుకు తిరగాలా వద్దా అంది గొంతు తగ్గించి. మనవలు పుట్టాక మనకి ఇవేం మాటలు అంది. నాకు నలభై నాలుగేళ్ళకే అవన్నీ వద్దనిపించాయి, మానేశాను, నేను చచ్చానా, సుఖంగా లేనా అంది. అందులో గొప్పా ఉంది, ఉడుకూ ఉంది. ఆమె కాదనలేదు. వద్దనిపిస్తే వద్దు, దానికెవరూ వంక పెట్టకూడదు, అది ఆ ఒంటి ఇష్టం. వద్దు అనడానికి తనకి ఆ వయసులో నోరుండుంటే ఎంత బాగుండేది. ఈవిడ అనగలిగింది, అదృష్టం, ఈవిడ మొగుడు విన్నాడు, ఇంకా అదృష్టం. కానీ ఈ లెక్క ఎలాంటిదో చూడు. తను వద్దన్ననాడు ఒప్పుకోవడమే ధర్మం అన్నారు, తను కావాలన్ననాడు సిగ్గులేదంటున్నారు. ఇటు వద్దూ తనది కాక, అటు కావాలీ తనది కాక, మరి ఈ ఒంట్లో తనదంటూ ఏముంది, జ్వరమా? ఇదంతా వియ్యపురాలితో అనలేదు. అనేలోపే ఆవిడ లేచి, మంచినీళ్ళ వంకతో వెళ్ళి, అవతలి వరసలో కూర్చుని, ఫోను తీసింది. ఇటు నర్సు నంబరు పిలిచింది. ఆమెదే.

డాక్టరమ్మ గుర్తుపట్టలేదు. పాత చీటీ చూసి, బిళ్ళలు వాడారా, ఇంకో నెల వాడండి అంటూ కలం తీసింది. దాదాపు తన వయసే. కళ్ళకింద నల్లగా, భుజాలు కిందికి జారి, బయట ఇంకా సగం వరస మిగిలుందని తెలిసిన మనిషి.

"రాయకండి," అంది ఆమె. బండిలో గొంతు అది, ఎదురుగా లారీ వస్తున్నప్పుడు వాడేది. "ముందు వినండి."

కలం ఆగింది. ఆమె మొదలుపెట్టింది. ఎప్పటినుంచి, ఎక్కడ, ఎలాంటి మంట, తర్వాత ఎంతసేపు ఉంటోంది, అన్నీ. మాటలు వెతుక్కోలేదు, దొరికినవి వాడింది, కొన్ని మోటుగా వచ్చాయి, రానిచ్చింది. పోయినసారి మీరు మావారి గురించి ఒక మాట అన్నారు, నేను తలూపాను, అది తప్పు, ఆయన ఏనాడూ బలవంతం చేయలేదు, ఇది నా కోసం అడుగుతున్నాను అని చెప్పి ఆపింది. డాక్టరమ్మ, ఇలా ఎవరూ అడగరండీ అంది. అది సమాధానమో సంజాయిషీయో చెప్పిన మనిషికే తెలిసినట్టు లేదు.

"అడిగాను కదా," అంది ఆమె.

డాక్టరమ్మ కలం మూతపెట్టింది. చేతులు కడుక్కుని, పరదా లాగి, పరీక్ష చేసింది, నిదానంగా, ఎక్కడ తాకబోతోందో ముందే చెప్తూ. తర్వాత కుర్చీ ఇటు జరుపుకుని చెప్పింది. నెలసరి ఆగాక ఒంట్లో తయారయ్యే కొన్ని ఆగిపోతాయని, లోపలి పొర పలచబడి ఎండిపోతుందని, చలికాలంలో పెదవి పగిలినట్టే ఇదీనని, చాలామందికి ఉంటుందని, చెప్పుకోరని. రాసుకోవడానికి ఒక మందు, అప్పటికప్పుడు జారుడుకి ఇంకొకటి, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని, తొందరపడొద్దని. వేరే కారణమేదీ లేదని తేల్చుకోవడానికి ఒక పరీక్షకి రాస్తున్నానంది. చెప్తున్నకొద్దీ ఆ గొంతులో అలసట పోయింది, ఎప్పుడో ఇష్టంగా చదువుకున్న పాఠం మళ్ళీ చెప్తున్నట్టు. చివర్లో, చీటీ ఇచ్చేముందు, అడగాలా వద్దా అన్నట్టు ఆగి, ఇష్టం ఉంటోందా, మనసుకి, అని అడిగింది. ఉంటోందండీ, బాగా ఉంటోంది అంది ఆమె. ఇన్ని ఆస్పత్రులు చూసింది, ఒక బిడ్డని కంది, ఒళ్ళంతా కొలిచారు, తూచారు, కుట్లు వేశారు. ఆ ఒక్క మాట ఏ ఆస్పత్రిలోనూ ఎవరూ అడగలేదు. డాక్టరమ్మ నవ్వలేదు, జాలిపడలేదు. మంచిది అని రాసుకుంది.

బయటికి వస్తే వియ్యపురాలు తలుపుకి ఎదురుగా నిలబడి ఉంది, తర్వాతి నంబరు ఆవిడదే కాబోలు.

"పిల్లకి ఫోన్ చేశాను," అంది కళ్ళలోకి చూస్తూనే. "దాచడం నాకు చేతకాదు."

"మంచిదే వదినగారూ. నాకూ చేతకాదు."

మెట్ల మలుపు దగ్గరే ఫోను మోగింది. కూతురు. ఏడుస్తోందో అరుస్తోందో రెండూ కలిసిపోయాయి. మా అత్తగారితో అలా ఎలా మాట్లాడావు అంది, రేపు భోజనాల బల్ల దగ్గర నా మొహం ఎక్కడ పెట్టుకోను అంది, తోడు కోసం అని ఎంతమందికి చెప్పుకున్నాను అమ్మా, నా మాటకేం విలువుంది ఇప్పుడు అంది. ఆమె గోడకి ఆనుకుని అంతా వింది. వింటుంటే జాలేసింది, కోపమూ వచ్చింది, ఆ రెంటి కిందా ఇంకేదో, ఈ పిల్ల కూడా ఏ చీకట్లో పైకప్పు వెతుక్కుంటోందో అన్న భయం. పెళ్ళయి ఏడేళ్ళు. ఒక్కనాడు అడగలేదు తను. తనూ దువ్వెన పట్టుకుని వెనక నిలబడ్డ మనిషే, కాకపోతే ఏమీ చెప్పకుండా నిలబడింది.

"నీ పెళ్ళికి నేనేమీ చెప్పలేదు నీకు," అంది. "మా అమ్మ నాకు చెప్పిన మాట నీకు చెప్పకూడదని మాత్రం తెలుసు. దాని బదులు ఏం చెప్పాలో అప్పటికి తెలీదు. ఇప్పుడు తెలుసు. ఎప్పుడైనా రా, కూర్చుని చెప్తాను. నువ్వు ఏది అడిగినా చెప్తాను."

అవతల మనవడి దగ్గు వినిపించింది, గిన్నె ఏదో పడింది. నాకేం అక్కర్లేదమ్మా అంది కూతురు. కానీ పెట్టేయలేదు. ఊపిరి వినిపిస్తూనే ఉంది. ఆ తర్వాత, వేరే గొంతుతో, చిన్నప్పుడు లెక్క రానప్పుడు వాడే గొంతుతో, తర్వాత చేస్తాను అని పెట్టేసింది.

కింద ఆయన కారు వంకరగా ఆపుకుని, ముందు చక్రం కాలిబాట మీద ఎక్కించి, స్టీరింగుకి రెండు చేతులూ వేసి కూర్చుని ఉన్నాడు. మందుల షాపు ముందు జనం, బస్సుకోసం నిలబడ్డవాళ్ళు, పళ్ళబండి. ఆమె పక్క సీట్లో కూర్చుంది. ఏమన్నారు అన్నాడు ఎదురుగా ఉన్న రోడ్డుని చూస్తూ, శిక్ష వినడానికి సిద్ధపడ్డవాడిలా. ఆమె చెప్పింది. మొదటినుంచీ, లోపలి పొర సంగతీ, పెదవి పగిలిన సంగతీ, వారాలు పడుతుందన్న సంగతీ, ఆయన తప్పు ఇందులో రవ్వంత కూడా లేదన్న సంగతీ, డాక్టరమ్మ చివర్లో అడిగిన ప్రశ్నా, దానికి తన జవాబూ. చెవులు ఎర్రబడ్డాయి. బస్సుకోసం నిలబడ్డ ఇద్దరు ఇటు తిరిగారు. ఆయన చెయ్యి మెల్లగా వెళ్ళి మీట నొక్కింది, ఆమె వైపు అద్దం పైకి లేవడం మొదలైంది.

ఆమె తన తలుపు మీది మీట నొక్కింది. అద్దం సగంలో ఆగి, కిందికి దిగిపోయింది.

"మళ్ళీ చెప్పనా, వినపడిందా?" అంది.

వినపడిందండీ అన్నాడు ఆయన. కళ్ళజోడు తీశాడు, తుడుచుకున్నాడు, ఈసారి అద్దాల్ని కాదు. బండి స్టార్టు చేసి, గేరు మార్చి, కాలిబాట మీది చక్రాన్ని దబ్బుమని కిందికి దించి, ఎవరికీ సారీ చెప్పకుండా రోడ్డు మీదికి వచ్చాడు. రోడ్డు నిండా జనం ఉన్నారు. ఆదివారం గురించి ఆమె ఇంకా చెప్తూనే ఉంది. గొంతు తగ్గించలేదు.